ముందు చేతి గంటలు, తర్వాతే రూపాయలు

(ఇంటి దగ్గరే చేతిపనుల వ్యాపారం చేసుకునేవాళ్లు 2025 డిసెంబరు చివరి ఆదివారం తిరుపతిలో కలిసినప్పుడు ఒక కలంకారీ కళాకారిణి చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమా? వెనక నిలబడ్డా అడుగుతాను.

కొత్త సంవత్సరానికి లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలో మాట్లాడమన్నారు. సొంతానివీ, వ్యాపారానివీ రెండూ. సరేనన్నాను. మీరు గ్రూపులో పెట్టిన లక్ష్యాలన్నీ రాత్రి కూర్చుని చదివాను. "2026లో పది లక్షలు." "ఇన్‌స్టాలో పదివేల ఫాలోవర్లు." "సొంత షాపు." "రోజూ వాకింగ్." వాకింగ్ అని చాలామందే రాశారు, సంతోషం. పది లక్షలు కూడా చాలామందే రాశారు. అందులో తప్పేం లేదు. అయితే నాకు ఒక్కటి మాత్రం ఎక్కడా కనబడలేదు. "ఏడాదికి నా చేతికి ఇన్ని గంటలున్నాయి" అని ఒక్కరు కూడా రాయలేదు. ఒక్కరంటే ఒక్కరు. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ లెక్క గురించే.

ఎందుకంటారా? కిరాణా కొట్టాయన ఈ ఏడాది అమ్మకం రెట్టింపు చేయాలనుకున్నాడనుకోండి, ఇంకో నాలుగు బస్తాలు దింపించుకుంటాడు. మనం ఏం దింపించుకుంటాం? చెప్పండి. మగ్గం వర్కు చేసే అక్కా, నువ్వు చెప్పు. ఇంకో రెండు చేతులు తెప్పించుకుంటావా? లేదు కదా. మనం అమ్మేది ఎక్కడో గోడౌన్‌లో లేదు, ఈ మణికట్టులో ఉంది. కాబట్టి ముందు చేతికున్న గంటలు లెక్కపెట్టాలి, తర్వాతే రూపాయలు. మనం ఎప్పుడూ తిరగేసి చేస్తాం. ముందు రూపాయలు రాసేసి, తర్వాత రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటాం.

సరే, లెక్క వేద్దాం. ఒక అమ్మాయి ఉందనుకుందాం. కలంతో కలంకారీ వేస్తుంది, ఒంటరిగా, ఇంట్లోనే. 365 రోజులు. ఆదివారాలు తీసేస్తే 313. ఆదివారం కూడా పనిచేస్తానంటారా? చేయండి, కానీ లెక్కలో వేయొద్దు. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, పిల్లల పరీక్షలు, అత్తగారి కంటి ఆపరేషను, అన్నీ కలిపి ఒక 43 తీద్దాం. 270. కలంకారీ కాబట్టి వాన రోజులు కూడా తీయాలి. ఒక 40. ఎంత మిగిలింది? 230. గట్టిగా చెప్పండి. 230.

రోజుకి ఎన్ని గంటలు? ఎవరో ఎనిమిది అంటున్నారు. ఎవరమ్మా ఆ ఎనిమిది? ఆ ఎనిమిదిలో వాట్సాప్ ఎంత? "అక్కా, ఇంకో ఫొటో పెట్టండి", "ఇదే పచ్చలో ఇంకొంచెం ముదురు రంగు ఉందా" అనేవాళ్లకి జవాబులు ఎంత? ప్యాకింగు ఎంత? కొరియరు ఆఫీసులో నిలబడేది ఎంత? పైగా మన ఆడవాళ్లకి మధ్యలో వంట ఉంది, పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావడం ఉంది. కలం చేతిలో ఉండే గంటలు మాత్రమే చెప్పండి. ఐదు. ఐదుంటే గొప్పే. 230 ఐదులు 1150. ఇదీ ఆ అమ్మాయికున్న ఏడాది. 1150 గంటలు. బస్తాలన్నా ఇదే, గోడౌనన్నా ఇదే.

ఇప్పుడు చూడండి. చీర మొత్తం బొమ్మలతో వేస్తే చేతిపని ఒక 60 గంటలు అనుకుందాం. లెక్క కోసమే అంటున్నాను, మీది మీరు వేసుకోండి. 1150ని 60తో భాగిస్తే 19 చీరలు. చీర 18 వేలకి అమ్ముతోంది. మొత్తం 3 లక్షల 42 వేలు. మరి కాగితం మీద రాసింది పది లక్షలు! అది రావాలంటే ఒక్కో చీర 52 వేలకి పైన అమ్మాలి. అమ్మగలిగితే అమ్మండి, నేనేం వద్దనను. కానీ అమ్మలేని రోజున ఆ అమ్మాయి ఏమనుకుంటుంది? నేను సోమరిదాన్ని, నాకు వ్యాపారం చేతకాదు అనుకుంటుంది. సోమరితనం ఏమీ లేదండీ. లక్ష్యం రాసేటప్పుడే అది అయ్యేది కాదు. డిసెంబరులో రాసిన తప్పుడు లెక్కకి ఏడాదంతా తనని తాను తిట్టుకుంటుంది.

ఇంకాస్త ముందుకి పోదాం, ఇక్కడే అసలు విషయం ఉంది. చీర 18 వేలు, అందులో పట్టుబట్ట, రంగులు, ఉడకబెట్టే ఖర్చు ఒక 3 వేలు. మిగిలిన 15 వేలని 60 గంటలకి పంచితే గంటకి 250 రూపాయలు. అదే అమ్మాయి దుపట్టా వేస్తుంది. 15 గంటలు, అమ్మేది 5,500, ఖర్చు 700. మిగిలేది 4,800. గంటకి 320. గోడకి పెట్టుకునే చిన్న ఫ్రేము వేస్తుంది. 6 గంటలు, 2,500కి అమ్ముతుంది, బట్టకీ ఫ్రేముకీ 700 పోతుంది. గంటకి 300. ఇప్పుడు చెప్పండి, ఏది ఎక్కువ ఇస్తోంది? దుపట్టా! ఎప్పుడైనా అనుకున్నామా? చీర అమ్మిన రోజు పెద్ద నోట్లు కనబడతాయి కాబట్టి చీరే లాభం అనుకుంటాం. ఇంటికి ఎవరొచ్చినా చీరే చూపిస్తాం.

చీరలు మానేయమనడం లేదు. నేనూ మానను. చీర మీద ఉన్న చోటు దుపట్టా మీద ఉండదు. రాముడి పట్టాభిషేకం దుపట్టా అంచులో ఎక్కడ పడుతుంది? కానీ ఏది ప్రేమతో చేస్తున్నానో, ఏది ఇల్లు గడపడానికి చేస్తున్నానో తెలిసి చేయాలి. తెలియకుండా చేస్తే రెండూ చెడతాయి. కాబట్టి వ్యాపారానికి మొదటి లక్ష్యం ఇలా ఉండొచ్చు: "ఈ ఏడాది 1150 గంటల్లో 600 దుపట్టాలకి, 360 చీరలకి, మిగిలినవి చిన్నవాటికి." అంటే 40 దుపట్టాలు, 6 చీరలు, ఒక 30 ఫ్రేములు. ఏడో చీర ఆర్డరు వచ్చినప్పుడు ఏం చేయాలో ఆ కాగితమే చెబుతుంది. వచ్చే ఏడాదికి రాసుకుంటానని చెప్పొచ్చు, లేదా ధర పెంచి చెప్పొచ్చు. మొహమాటం మనది, లెక్క కాగితానిది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చేతి గంటలు వేరు, క్యాలెండరు వేరు. ఈ తేడా తెలియక చాలామంది ఇరుక్కుంటారు. మా పనిలో ఎలా ఉంటుందో చెబుతాను, మీ పనికి మీరు అన్వయించుకోండి.

శ్రీకాళహస్తి పద్ధతిలో నల్ల గీత గీసేది కసిమితో. తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూత పెట్టి వదిలేయాలి. రెండు మూడు వారాలు. పైకి నురగ వస్తుంది, పుల్లటి వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లు సణుగుతారు. దాన్ని తొందరపెట్టడానికి లేదు. స్టవ్ మీద పెడితే అయ్యే పని కాదది. ఇటు బట్టని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. పాలు ఎందుకంటే, అందులోని కొవ్వు గీతని పాకనివ్వదు. పాలు పల్చబడితే కృష్ణుడి కనుబొమ్మ చెంప దాకా దిగుతుంది. ఆ బట్ట మీద చింత బొగ్గుతో గీసుకుని, వెదురు కలానికి చుట్టిన నూలుని కొంచెం కొంచెం నొక్కుతూ కసిమితో గీస్తే, గీసినప్పుడు లేతగా ఉన్న గీత చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయ, ఇనుము కలిశాయి కాబట్టి. తర్వాత ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పెట్టి, దాన్నీ రోజుల తరబడి ఆరనివ్వాలి. తర్వాత పారే నీళ్లలో జాడించాలి. స్వర్ణముఖిలో నీళ్లుంటే నదిలో, లేకపోతే బోరు దగ్గర. తర్వాత ఉడకబెట్టాలి, మళ్లీ ఎండలో వేయాలి, మళ్లీ ఇంకో రంగు.

ఇందులో చేతిపని ఎంత, ఎదురుచూపు ఎంత? చేతికి 60 గంటలే, క్యాలెండరులో మాత్రం నెల పైనే. "వారంలో కావాలి మేడం, డబ్బులు ఎక్కువిస్తాం" అంటారు. డబ్బులు ఎక్కువిస్తే ఎండ ఎక్కువ కాస్తుందా? కాబట్టి మా పనిలో లక్ష్యం రాసేటప్పుడు రెండు గీతలు ఉండాలి. ఎన్ని గంటలు చేతివి, ఎన్ని రోజులు బట్టవి. టెర్రకోట నగలు చేసే అమ్మాయి తల ఊపుతోంది. మీకూ అంతే కదా? మట్టి ఆరాలి, కాలాలి. కేకులు చేసేవాళ్లకి ఇది తక్కువ, వాళ్లది గంటల్లో అయ్యే పని. ఫొటోలు తీసే తమ్ముడికి తీసేది ఒక్కరోజు, ఆల్బం మాత్రం మూడు నెలలు! నవ్వుతున్నారు గానీ నిజమే కదా?

సరే. క్యాలెండరు అన్నాం కాబట్టి అసలు సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో చూద్దాం. జనవరి ఒకటా? కేకులు చేసే అక్కని అడగండి. డిసెంబరు 24 నుంచి జనవరి ఒకటి దాకా ఆమె నిద్రపోదు. ఆమెని జనవరి ఒకటిన లక్ష్యాలు రాయమంటే "పడుకోవడం" అని రాస్తుంది. హైదరాబాద్‌లో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషనులో స్టాలు పెట్టేవాళ్లకి జనవరి ఒకటిన మొదలై ఫిబ్రవరి 15 దాకా ఊపిరాడదు. వాళ్లకి కొత్త సంవత్సరం ఫిబ్రవరి 16న. లెక్కల సంవత్సరం ఏప్రిల్ ఒకటిన. మన ఉగాది ఈసారి మార్చి 19నే వస్తోంది, లెక్కల సంవత్సరానికి రెండు వారాల ముందు. నా సలహా ఏంటంటే, జనవరి ఒకటిన ఏమీ రాయొద్దు. జనవరి, ఫిబ్రవరి పాత నోటుబుక్కు తిరగేయండి. ఏది ఎన్ని గంటలు పట్టిందో, ఎవరు డబ్బులు ఎగ్గొట్టారో, ఏ నెలలో ఖాళీగా కూర్చున్నారో చూడండి. ఉగాదికి రాయండి, ఏప్రిల్ ఒకటి నుంచి అమలు చేయండి. ఉగాది పచ్చడి తిన్నాక రాసిన లెక్కలో చేదు కూడా ఉంటుంది, అది అవసరమే.

ఇప్పుడు 2026 క్యాలెండరు తీయండి. ఎవరి దగ్గరైనా పంచాంగం ఉందా? ఫోన్లో చూడండి. ఇప్పుడు శుక్రమౌఢ్యం నడుస్తోంది, ఫిబ్రవరి సగం దాటేదాకా పెళ్లి ముహూర్తాలు లేవు. ఇది మీకందరికీ తెలుసు, ఆర్డర్లు తగ్గాయి కాబట్టి. కానీ మీలో ఎంతమంది మే నెల చూశారు? మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అధిక మాసం. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు. వేసవి పెళ్లిళ్ల సీజను మధ్యలో నెలరోజులు కత్తిరించేసినట్టే. అంటే ఏమవుతుంది? మే 16 లోపు అందరూ ఒకేసారి మీద పడతారు. తర్వాత నెల ఖాళీ. జూన్ 16 నుంచి జూలై 14 దాకా నిజ జ్యేష్ఠం, మళ్లీ పడతారు. జూలై 15 నుంచి ఆషాఢం. ఆగస్టు 13న శ్రావణం. మగ్గం వర్కు చేసే అక్కా, మే పది తారీఖుకి నీ దగ్గర ఎన్ని బ్లౌజులుంటాయో ఇప్పుడే లెక్కవేసుకో. ఏప్రిల్ పది తర్వాత ఆర్డరు తీసుకోను అని మార్చిలోనే బోర్డు పెట్టుకో. ఏప్రిల్లో పెడితే కోపగించుకుంటారు, మార్చిలో పెడితే ముందే వస్తారు.

ఫొటోల తమ్ముడూ, నీకు ఆ అధిక మాసం దేవుడిచ్చిన నెల. పాత ఆల్బములన్నీ తేల్చేయ్.

అధిక మాసం వల్ల ఇంకోటి జరుగుతుంది. ఆ తర్వాతి పండగలన్నీ ఆలస్యంగా వస్తాయి. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది, దీపావళి అక్టోబరు 20న. 2026లో దసరా అక్టోబరు 20న, దీపావళి నవంబరు 8న. మూడు వారాలకి కాస్త తక్కువ తేడా. మంచిదే కదా, ఇంకో మూడు వారాలు టైము దొరికింది అనుకుంటారు. అదే పొరపాటు! మనం ఎక్కడున్నాం? తిరుపతిలో. మనకి అసలు వానలు ఎప్పుడు? హైదరాబాద్‌లాగా జూలైలో కాదు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు ఇరవై ప్రాంతంలో దిగుతాయి. నవంబరు మనకి గట్టి వానల నెల. 2021 నవంబరు మర్చిపోయారా? ఊళ్లో వీధులు వాగులయ్యాయి. అంటే ఈసారి దసరా నుంచి దీపావళి దాకా ఉన్న వారాలు సరిగ్గా మనకి ఎండలేని వారాలు. మాలాంటివాళ్లకి దీపావళి బట్ట సెప్టెంబరు ఆఖరుకి ఉడికి, ఆరి, మడతపెట్టి ఉండాలి. అక్టోబరులో అమ్మకం మాత్రమే. ఇది నా 2026 లక్ష్యాల్లో అన్నిటికంటే పైన ఉంది: "సెప్టెంబరు 30 తర్వాత నీళ్ల పని లేదు." రూపాయి అంకె లేదు అందులో. కానీ ఇది జరిగితే రూపాయలు వాటంతటవే వస్తాయి, జరగకపోతే ఏ లక్ష్యమూ నిలవదు.

కంప్యూటరులో బొమ్మలు వేసేవాళ్లకి వానతో పనిలేదంటారు. కరెంటు పోతే ఉంది! అయినా మీకు వేరే క్యాలెండరు ఉంటుంది. కంపెనీలు దీపావళి కానుకల డిజైన్లు దీపావళికి అడగవు, ఆగస్టులోనే ఖాయం చేసేస్తాయి. మీరు జూలైలోనే శాంపిళ్లు పంపాలి. ఎవరి క్యాలెండరు వాళ్లు గీసుకోండి. నాది చూసి రాసుకుంటే మీకు పనికిరాదు.

డబ్బు విషయం తొందరగా చెప్పేసి ముందుకి పోతాను, ఎందుకంటే దీని గురించి మీకు యూట్యూబులో చాలామంది చెబుతారు. ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు ఒకే ఫోన్‌పేలో పడుతుంటే ఏప్రిల్ ఒకటికల్లా వేరే ఖాతా తెరవండి. పాలవాడికి ఇచ్చింది, పటికకి ఇచ్చింది ఒకే చోట ఉంటే గంటకి 250 వచ్చిందో 150 వచ్చిందో ఎలా తెలుస్తుంది? ధర పెంచాలనుకుంటే తారీఖు పెట్టి పెంచండి. "ఉగాది నుంచి కొత్త ధరలు" అని ఇప్పుడే చెప్పండి. చెప్పకుండా పెంచితే పాత కస్టమరు నొచ్చుకుంటుంది, చెప్పి పెంచితే ఉగాది లోపు ఇంకో రెండు కొంటుంది. సరుకు అమ్మేవాళ్లకి మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషను. అంత దూరం మనలో చాలామందికి లేదు. కానీ వేరే రాష్ట్రాలకి పంపేవాళ్లకీ, ఆన్‌లైన్ సైట్లలో పెట్టేవాళ్లకీ నియమాలు వేరు. ఆడిటరుని ఒకసారి అడగండి, నన్నడగొద్దు.

అమెరికా గురించి మాత్రం చెప్పాలి. ఇక్కడ చాలామందికి సగం ఆర్డర్లు మన తెలుగు పిల్లల దగ్గర్నుంచే, డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా. అవునా? చేతులెత్తండి. చూశారా. 800 డాలర్ల లోపు పార్శిలుకి అక్కడ సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. దానికి రెండు రోజుల ముందే మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచారు. మన పోస్టాఫీసు ఆగస్టు ఆఖరులో అమెరికా బుకింగులు ఆపేసి, అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలుపెట్టింది. ఆ మధ్యలో దసరా పోయింది. ఇందులో మన చేతిపనిలో లోపం ఏముంది? ఏమీ లేదు. గీత వంకర పోలేదు, రంగు దిగలేదు. అయినా ఆర్డర్లు ఆగిపోయాయి. కాబట్టి కాగితం మీద ఇది కూడా ఒక లైను: నా గంటల్లో ఎన్ని ఒకే దేశం మీద, ఒకే ఎగ్జిబిషను మీద, ఒకే బొటీక్ మీద ఆధారపడి ఉన్నాయి? సగం దాటితే ఈ ఏడాది లక్ష్యం కొత్త డిజైను కాదు, కొత్త కస్టమరు. నెల్లూరులో, బెంగళూరులో, ఇక్కడే బైరాగిపట్టెడలో ఎవరో ఒకరు.

ఇప్పుడు సొంత లక్ష్యాలు. దీన్ని వేరే కాగితం మీద రాయొద్దని నా మనవి. వ్యాపారానికి ఒక డైరీ, సొంతానికి ఒక డైరీ కొంటారు. డైరీలు రెండైనా చెయ్యి ఒకటే కదా? వెన్ను ఒకటే, కళ్లు రెండే. కలం పట్టే చెయ్యే పూరీపిండి కలపాలి, ఆ చెయ్యే పాప జడ వేయాలి. "ఆరోగ్యం బాగా చూసుకోవాలి" అని రాస్తే అది లక్ష్యం కాదు, కోరిక. "సాయంత్రం ఐదు తర్వాత సన్నగీత పట్టను" అని రాయండి. అప్పుడు అది 1150లో ఎక్కడ తగ్గుతుందో కనబడుతుంది. తగ్గితే తగ్గనివ్వండి. బొటనవేలు మొద్దుబారాక డాక్టరు నెలరోజులు పని ఆపమంటాడు, అప్పుడు పోయేది వంద గంటల పైనే. మా పనిలో పెద్దవాళ్ల వేళ్లు చూడండి, తెలుస్తుంది. మార్చిలో పదో తరగతి పిల్లలున్న ఇల్లయితే మార్చిని సగం నెలగా రాసుకోండి. నిండు నెలగా రాసుకుని పిల్లాడి మీద విసుక్కోవడం ఎందుకు?

ఒక్క మాట మగవాళ్లకి కూడా. నలుగురైదుగురు ఉన్నారు. మీరు గంటలు లెక్కవేసేటప్పుడు ఎనిమిది, తొమ్మిది వేసుకుంటారు. ఆ తొమ్మిది మీకు ఎవరి గంటల్లోంచి దొరికాయో అది కూడా పక్కన రాయండి.

ఇంకొకటి. ఎవరూ ఆర్డరు ఇవ్వని పని ఏడాదిలో ఒకటైనా చేయాలి. మనకోసం. ఇది విలాసం కాదండీ, ఇది కూడా వ్యాపారమే. నాలుగేళ్లుగా అడిగినవాళ్లకల్లా అదే నెమలి, అదే జీవవృక్షం వేస్తుంటే అయిదో ఏడు మిల్లు ప్రింటువాడు అదే నెమలిని నాలుగొందలకి అమ్ముతాడు. అమ్ముతున్నాడు కూడా. వాడితో ధరలో పోటీ పడలేం. వాడి దగ్గర లేని బొమ్మ మన దగ్గర ఉండాలి. ఆ బొమ్మ ఎప్పుడు పుడుతుంది? ఖాళీ ఉన్నప్పుడు అనుకుంటే ఎప్పటికీ పుట్టదు. నేనయితే ఈసారి అధిక మాసాన్ని దానికి ఇచ్చేస్తున్నాను. పెళ్లి ఆర్డర్లు ఉండవు, ఎండ బ్రహ్మాండంగా ఉంటుంది, బట్ట గంటలో ఆరుతుంది. ఆర్డర్లు లేని నెల అని ఏడవకుండా ముందే పేరు పెట్టుకుంటే అది నా నెల.

అలాగని అన్నీ ఏడాదిలోనే తేలాలని లేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు దాదాపు లేకుండా పోయిన రోజుల్లో, 1950ల ఆఖర్లో, దేశమంతా చేతిపనుల్ని నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనుకుని అక్కడ శిక్షణ కేంద్రం పెట్టించారు. మొదటి ఏడాది ఆఖరున "ఎంత అమ్మకం అయింది?" అని అడిగుంటే ఏం చూపించేవాళ్లు? నలుగురు కుర్రాళ్లు గీతలు నేర్చుకుంటున్నారని చూపించేవాళ్లు, అంతే. 2008లో శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. మధ్యలో యాభై ఏళ్లు. ఈరోజు నేను కలం పట్టి ఇక్కడ మాట్లాడుతున్నానంటే ఆ కేంద్రం వల్లే. అందుకని కాగితం కింద ఒక మూల "ఈ ఏడాది తేలనివి" అని రాసుకోండి. అక్కడ రాసినదానికి డిసెంబరులో మార్కులు వేసుకోవద్దు.

ఏమైనా ప్రశ్నలున్నాయా? ఆ, అడుగమ్మా. "మరి పది లక్షలు వదిలేయాలా?" మంచి ప్రశ్న. వదలొద్దు. కానీ రెండు చేతులతో రాదు, లెక్క చూశాం కదా. దుపట్టాలే వేసినా గంటకి 320 చొప్పున 1150 గంటలకి ఖర్చులు పోను మిగిలేది 3 లక్షల 68 వేలు. అంతే. కాబట్టి ఇంకో జత చేతులు కావాలి. గీత నీది, రంగు నింపడం ఇంకో అమ్మాయిది. మా దగ్గర ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే అది. కానీ ఆ అమ్మాయికి నేర్పే నాలుగు నెలలు నీ ఐదు గంటల్లో ఒకటి పోతుంది. అంటే ఒక 80 గంటలు. చెడిపోయే బట్ట వేరే. ఆమె జీతం మొదటి నెల నుంచే ఇవ్వాలి, నేర్చుకుంటోంది కదా అని ఊరికే కూర్చోబెట్టకూడదు. కాబట్టి నీ 2026 లక్ష్యం పది లక్షలు కాదు. "డిసెంబరుకల్లా నా గీతలో రంగు నింపగలిగే ఒక మనిషి." ఈ ఏడాది నీ అమ్మకం కొంచెం తగ్గుతుంది, తగ్గుతుందని ఇప్పుడే ఇంట్లో చెప్పు. పది లక్షలు 2028 పేజీలో రాసుకో.

ఫాలోవర్ల సంగతా? అది మన చేతిలో లేదు తమ్ముడూ. వారానికి రెండు వీడియోలు పెట్టడం మన చేతిలో ఉంది. ఆ రెండు వీడియోలకి ఎన్ని గంటలో రాసుకో. మూడు గంటలైతే ఏడాదికి ఒక 150 గంటలు, అంటే మన లెక్కలో రెండున్నర చీరలు. అంత ఇస్తోందా ఆ ఇన్‌స్టా? ఇస్తే పెట్టు, ఇవ్వకపోతే నెలకి రెండు పెట్టు.

ఇంకో చెయ్యి లేచింది గానీ, అది రాశాక అడుగుదువుగాని. ఇప్పుడు అందరూ కాగితాలు తీయండి. పావుగంట. మీ రోజులు, మీ గంటలు రాయండి. రాశాక కూడిక మీరు వేయొద్దు, కాగితం పక్కవాళ్లకి ఇచ్చేయండి. వాళ్లు ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు. మన గంటలు మనం వేసుకుంటే ఎక్కువే వేసుకుంటాం, పక్కింటావిడకి నిజం తెలుసు. ఎనిమిది గంటలన్న అమ్మాయీ, నీ కాగితం నాకివ్వు.